పాత స్విఫ్ట్ డీజిల్ కొనొచ్చా? ఏళ్లుగా వాడుతున్నవాళ్ల అనుభవాలతో తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో ఉన్నది 2012 జూన్‌లో రిజిస్ట్రేషన్ అయిన మారుతి స్విఫ్ట్ వీడీఐ (డీజిల్‌లో మధ్య రకం). 2019లో విజయవాడలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. అప్పటికి మీటర్ మీద 86 వేల కిలోమీటర్లు ఉండేది, ఇప్పుడు 1,74,000 దాటింది. చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరు పాత కారు చూడ్డానికి బయల్దేరినా ముందు నాకే ఫోన్ చేస్తారు. అడిగే ప్రశ్నలు కూడా దాదాపు అవే. అందుకే నా అనుభవంతో పాటు మా బాబాయి గారి డిజైర్, మా ఆఫీసులో ఇద్దరి స్విఫ్ట్‌ల సంగతులు కూడా కలిపి ఇక్కడ రాసిపెడుతున్నాను.

పదేళ్లు దాటిన డీజిల్ కారుని నమ్మొచ్చా?

నమ్మొచ్చు. కాకపోతే పాత ఓనర్ ఇంజన్ ఆయిల్ టైముకి మార్చాడా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. రంగు, సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్, చివరికి మీటర్ రీడింగ్ కూడా దాని తర్వాతే. లక్షన్నర కిలోమీటర్లు తిరిగినా వేళకి ఆయిల్ మారిన బండి, 60 వేలే తిరిగి రెండేళ్లకోసారి ఆయిల్ మొహం చూసిన బండి కన్నా చాలా మేలు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ ఇంజన్‌లో టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే భాగం) ఇరుసు తిరిగేది సన్నటి ఆయిల్ పొర మీదే. వాల్వులు వేళకి తెరుచుకునేలా చూసే టైమింగ్ చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ పనిచేసేది కూడా ఆయిల్ ప్రెషర్‌తోనే. ఆయిల్ ముదిరి బురదలా అయితే ఈ రెండిటికీ ఒకేసారి దెబ్బ. ఈ రెండూ పోయాయంటే బండి కొన్న ధరలో పెద్ద భాగం షెడ్డులోనే పెట్టాల్సి వస్తుంది.

ఇది ఫియట్ ఇంజన్ అంటారు, నిజమేనా?

నిజమే. 1248 సీసీ మల్టీజెట్ ఇంజన్‌ని ఫియట్ దగ్గర లైసెన్స్ తీసుకుని ఇక్కడే తయారు చేసి, మారుతి డీడీఐఎస్ పేరుతో వాడింది. స్విఫ్ట్‌లో 75 పీఎస్ పవర్ ఇస్తుంది. ఇదే ఇంజన్ డిజైర్, రిట్జ్, టాటా ఇండికా విస్టా, ఫియట్ పుంటో, లీనియా లాంటి బండ్లలో కూడా వచ్చింది. ఎర్టిగా, సియాజ్‌లలో 90 పీఎస్ రకం వచ్చింది. అందుకే దీన్ని మన దేశపు 'నేషనల్ ఇంజన్' అని పిలిచేవాళ్లు.

పాత బండి కొనేవాళ్లకి ఇది పెద్ద ప్లస్. ఇన్ని బండ్లలో వచ్చింది కాబట్టి ఈ ఇంజన్ విప్పడం తెలిసిన మెకానిక్ చిన్న టౌన్లలో కూడా దొరుకుతాడు. విజయవాడ ఆటోనగర్‌లో అయితే దీనికి దొరకని పార్టు నాకు ఇంతవరకు ఎదురుపడలేదు.

ఏ సంవత్సరం మోడల్ చూడాలి?

స్విఫ్ట్ మన దేశంలోకి 2005లో పెట్రోల్‌తో వచ్చింది, డీజిల్ 2007లో వచ్చింది. రెండో తరం 2011 ఆగస్టులో, మూడో తరం 2018 ఫిబ్రవరిలో వచ్చాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. నన్నడిగితే 2014 నుంచి 2017 మధ్య బండి చూసుకోండి. అంతకన్నా పాతదైతే ఆర్‌సీ గడువు ఎంత మిగిలిందో లెక్క వేసుకున్నాకే బేరానికి దిగండి.

చూడ్డానికి వెళ్లినప్పుడు మొదట ఏం చేయాలి?

పొద్దున్నే వెళ్లండి. నిన్న సాయంత్రం నుంచి బండి స్టార్ట్ చేయకుండా ఉంచమని ముందే ఫోన్‌లో చెప్పండి. వెళ్లగానే తాళం అడగకుండా బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉందంటే మనం వచ్చేలోపే ఇంజన్ వేడి చేసి పెట్టారన్న మాట. నేను బండ్లు చూసే రోజుల్లో గుంటూరులో ఒకాయన "ఇప్పుడే పాల ప్యాకెట్‌కి వెళ్లొచ్చానండీ" అన్నారు. అది అబద్ధమో కాదో నాకు తెలీదు కానీ మర్నాడు మళ్లీ వస్తానని చెప్పి వచ్చేశాను. మర్నాడు ఆరింటికి వెళ్తే చల్లటి ఇంజన్ మూడోసారి సెల్ఫ్ కొడితే గానీ అందుకోలేదు. అందుకున్నాక రెండు మూడు సెకన్ల పాటు డబ్బాలో గొలుసు వేసి ఊపినట్టు గలగలమంది, తర్వాత సద్దుమణిగింది. అది చైన్ వదులైన చప్పుడు. వేడి ఇంజన్ మీద అయితే అది వినపడేదే కాదు.

చైన్ జారితే వాల్వులు పిస్టన్లకి తగులుతాయి, ఇంజన్ దించక తప్పదు. చల్లటి స్టార్ట్‌లో ఆ గలగల వినపడితే చైన్ కిట్ ఖర్చు ధరలో తగ్గించమనండి, లేదా ఆ బండి వదిలేయండి.

తర్వాత ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పండి. కొద్దిగా ఆవిరి రావడం మామూలే. బుస్సుబుస్సుమని పొగ తన్నుకొస్తూ, మూత పెడితే ఎగురుతోందంటే బోర్ (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు. ఆయిల్ గేజి తీసి చూసి "అమ్మో, నల్లగా ఉంది" అనుకోవద్దు. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ పోసినా వారానికే నల్లబడుతుంది. రెండు వేళ్ల మధ్య రాసి చూడండి. జారుతూ ఉండాలి, జిగురుగా సాగకూడదు. మూత లోపలి వైపు నల్లటి పేస్టులా అంటుకుని ఉంటే ఆ ఓనర్ ఆయిల్ సంగతి పట్టించుకోలేదని అర్థం.

ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల మొదట్లో తారులా నల్లగా గట్టిపడి ఉందేమో టార్చ్ వేసి చూడండి. వాటి కింది వాషర్లు లీకైతే అలా పేరుకుంటుంది. అప్పుడే చూసుకుంటే చిన్న పని, ఏళ్ల తరబడి వదిలేస్తే ఇంజెక్టర్ ఊడిరాక నానా తిప్పలు.

చివరగా గతుకుల రోడ్డు మీద ఏసీ, పాటలు ఆపి ఒక కిలోమీటరు నడపండి. కటకట చప్పుడు వస్తే సస్పెన్షన్‌లో లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు పోయాయని అర్థం. దానికి భయపడక్కర్లేదు, ధర తగ్గించుకోండి చాలు.

మీటర్ రీడింగ్ నమ్మొచ్చా?

దాన్నొక్కదాన్నే చూసి నమ్మొద్దు. డిజిటల్ మీటర్లు కూడా వెనక్కి తిప్పేస్తున్నారు. క్లచ్, బ్రేక్ పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ మీద చెయ్యి ఆనే చోటు, గేర్ రాడ్ గుండు ఎంత అరిగాయో చూడండి. 50 వేలు తిరిగిన బండికి పెడల్ రబ్బరు నున్నగా అరగదు. అన్నిటికన్నా నమ్మకమైనది సర్వీస్ హిస్టరీ. ఓనర్‌ని వెంటబెట్టుకుని అధీకృత సర్వీస్ సెంటర్‌కి వెళ్తే, అక్కడ జరిగిన ప్రతి సర్వీసుకీ తేదీ, కిలోమీటర్లు చూపిస్తారు. హిస్టరీ ఏ ఏడాది దగ్గర ఆగిపోయిందో గమనించండి. తర్వాత బయట చేయించి ఉంటే ఆ బిల్లులు అడగండి. బిల్లులు ఫైలులో పెట్టుకున్న ఓనర్ దొరికితే పదివేలు ఎక్కువైనా ఆ బండే తీసుకోండి.

మీ బండికి ఇప్పటిదాకా ఏమేం పోయాయి?

కొన్న వారంలోనే ఆయిల్, అన్ని ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్పించాను. ఎవరు ఏ బండి కొన్నా ఇది చేయించాల్సిందే.

1,05,000 దగ్గర క్లచ్ మార్చాం. ఈ బండికి 2000 ఆర్‌పీఎం లోపు పికప్ తక్కువ, టర్బో అందుకున్నాక ఒక్కసారిగా లాగుతుంది. దాంతో ట్రాఫిక్‌లో చాలామంది హాఫ్ క్లచ్ మీదే నడుపుతారు, క్లచ్ త్వరగా అరిగేది అక్కడే. సెట్, కూలీ కలిపి పదకొండు వేలు అయింది. మా బాబాయి గారు ఎక్కువగా హైవే మీదే తిరుగుతారు, ఆయన డిజైర్‌లో 1,60,000కి కూడా మొదటి క్లచ్చే నడుస్తోంది.

లింక్ రాడ్లు రెండుసార్లు, లోయర్ ఆర్మ్‌లు ఒకసారి మార్చాం. ఏసీ కండెన్సర్‌కి లీక్ వస్తే కొత్తది వేయించాం. బ్యాటరీలు రెండు. 1,40,000 దగ్గర చైన్ చప్పుడు లేకపోయినా ముందుజాగ్రత్తగా కిట్ మార్పించాను. చల్లటి ఇంజన్ అందుకోవడానికి వేడి ఇచ్చే గ్లో ప్లగ్గులు పోయిన సంగతి మాత్రం లంబసింగి వెళ్లేదాకా తెలియనే లేదు. విజయవాడ వేడికి అవి లేకపోయినా ఇంజన్ అందుకుంటుంది. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున అరగంట సెల్ఫ్ కొట్టాక తెల్లటి పొగ కక్కుతూ స్టార్టయింది. ఇవన్నీ వయసు వల్ల వచ్చే అరుగుదలలే, ఏ బండికైనా తప్పవు.

ఒక్క విషయం మాత్రం చెప్పాలి. మూడేళ్ల కిందట ఉన్నట్టుండి పికప్ పడిపోయింది. ఎక్కు వస్తే నల్లపొగ, యాక్సిలరేటర్ తొక్కితే 'స్‌స్‌స్' అని గాలి పోతున్న చప్పుడు. చూపించిన మొదటి షెడ్డులో టర్బో పోయింది, ముప్పై వేలు అవుతుంది అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఆటోనగర్‌లో పెద్దవయసు మెకానిక్ ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఇంజన్ స్టార్ట్ చేయించి, నన్ను రేస్ చేయమని, టర్బో నుంచి గాలి వెళ్లే రబ్బరు గొట్టం కింద అరచెయ్యి పెట్టారు. తర్వాత నా చెయ్యి కూడా పట్టుకుని అక్కడే పెట్టించారు. గొట్టం అడుగున బొటనవేలంత చీలిక, అందులోంచి గాలి వేడిగా చేతికి కొడుతోంది. గొట్టం, రెండు క్లిప్పులు మార్చారు. రెండు వేల లోపే అయింది. పెద్ద ఖర్చు చెప్పినప్పుడు ఇంకొక చోట చూపించకుండా ఇంజన్ విప్పనివ్వొద్దని అందరికీ చెప్పేది అందుకే.

దారిలో ఎప్పుడైనా ఆగిపోయిందా?

ఏడేళ్లలో ఒక్కసారి. ఎండాకాలం హైదరాబాద్ నుంచి వస్తుంటే కోదాడ దాటాక ఇంజన్ బాగా వేడెక్కిందని హెచ్చరిక కనపడింది. వెంటనే పక్కకి తీసి ఆపేశాను. రేడియేటర్ గొట్టం పగిలి కూలెంట్ అంతా రోడ్డు మీద పోతోంది. ఆపడమే మంచిదైంది. ఇంకో ఐదు కిలోమీటర్లు లాగి ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయేది. పిల్లలతో చెట్టు కింద రెండు గంటలు కూర్చున్నాం, కోదాడ నుంచి మెకానిక్ వచ్చి గొట్టం వేశాడు. ఆ గొట్టం బండితో పాటు వచ్చిందే. గట్టిపడిందని సర్వీస్‌లో చెప్పినా తర్వాత చూద్దాంలే అనుకున్నది నేనే. పదేళ్లు దాటిన బండికి రబ్బరు గొట్టాలు, బెల్టు చూడ్డానికి బాగున్నా సరే మార్పించేయండి.

వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయొద్దు, మొహం కాలుతుంది. మామూలు నీళ్లు పోసి అలాగే తిరగొద్దు, లోపల తుప్పు పడుతుంది.

మైలేజ్ ఎంత వస్తుంది?

కంపెనీ చెప్పింది లీటరుకి 22.9. మాకు ఊళ్లో 15, 16, హైవే మీద 80 దాటకుండా వెళ్తే 20, 21. ఇంత తిరిగాక కూడా అందులో పెద్ద తేడా రాలేదు. ఉన్నట్టుండి రెండు మూడు కిలోమీటర్లు తగ్గిందంటే ముందు టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, పట్టేస్తున్న బ్రేకులు చూడండి.

ఏడాదికి మెయింటెనెన్స్ ఎంత పెట్టుకోవాలి?

నా బిల్లుల సగటు టైర్లు, ఇన్సూరెన్స్ కాకుండా ఏడాదికి 18 వేల దాకా వచ్చింది. కానీ అది సమానంగా రాదు. ఒక ఏడాది ఆరు వేలతో పోతుంది, ఇంకో ఏడాది నలభై వేలు. అందుకే మీ బడ్జెట్‌లో కనీసం ఐదో వంతు పక్కన పెట్టుకుని కొనండి. మూడు లక్షల బడ్జెట్ ఉందంటే రెండు లక్షల నలభై వేల బండి చూడండి. ఉన్నదంతా పోసి, అప్పు కూడా చేసి కొన్నవాళ్లే పాత బండిని తిట్టుకుంటారు. మొదటి క్లచ్ బిల్లుకే వాళ్లకి టెన్షన్ మొదలవుతుంది.

షోరూమ్‌లో చేయించాలా, బయటా?

ఆయిల్ సర్వీస్ ఎక్కడైనా ఫర్వాలేదు, కానీ ఆయిల్, ఫిల్టర్ మీరే బిల్లుతో కొని తెచ్చి ఎదురుగా నిలబడి పోయించుకోండి. పదివేల కిలోమీటర్లకోసారి అంటారు కానీ లక్ష దాటిన బండికి నేను 7,500కే మారుస్తాను. ఏడాదిలో అంత తిరగకపోయినా మారుస్తాను. డీజిల్ ఫిల్టర్‌ని మాత్రం అశ్రద్ధ చేయొద్దు. డీజిల్‌లో నీళ్లు కలిస్తే నాలుగు ఇంజెక్టర్లకీ ముప్పే. రద్దీగా ఉండే బంకులోనే కొట్టించుకోండి. దూరం వెళ్లి ఆపగానే తాళం తీసేయకుండా ఒక నిమిషం ఇంజన్ నడవనివ్వండి, టర్బో చల్లబడుతుంది.

ఢిల్లీ బండి లక్ష తక్కువకి వస్తోంది, తెచ్చుకోమంటారా?

వద్దనే చెప్తాను. పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద అక్కడ పెట్టిన ఆంక్షల వల్లే అంత చవక. ఇక్కడికి తెస్తే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు, రవాణా ఖర్చు అన్నీ మీ మీదే పడతాయి. పైగా దాని పాత చరిత్ర చెప్పే మనిషి ఇక్కడ దొరకడు. మా ఆఫీసులో ఒకరు అలాగే తెచ్చుకున్నారు. కాగితాలు పూర్తయ్యేసరికి మిగిలింది పాతిక వేలు, ఆఫీసుల చుట్టూ తిరగడానికి పట్టింది ఆరు నెలలు.

కాగితాల్లో ఏం చూసుకోవాలి?

ముందు ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఓనర్ పేరు, ఆర్‌సీ గడువు, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ ఉందో లేదో చూడండి. లోన్ తీరిపోయినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోయిన బండ్లు బోలెడు. బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించే ఫామ్ 35 లేకుండా టోకెన్ అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు. పేరు మార్పుకి ఫామ్ 29, ఫామ్ 30 కావాలి. వాటి మీద సంతకం పెట్టాల్సింది ఆర్‌సీలో ఉన్న మనిషే, మధ్యలో చేతులు మారిన వ్యాపారి కాదు. నంబరు మీద పెండింగ్ చలానాలు ఉంటే డబ్బులిచ్చే ముందే కట్టించండి. తెలంగాణ, ఆంధ్ర సైట్లు వేరువేరు కాబట్టి రెండిట్లోనూ చూడండి.

అమ్మేవాళ్లకి కూడా ఒక మాట. పేరు మారేదాకా ఆ బండికి ఏం జరిగినా నోటీసు మీ ఇంటికే వస్తుంది.

ఇన్సూరెన్స్ దానంతట అదే మన పేరుకి వస్తుందా?

రాదు. బండి కొన్న 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ కంపెనీకి తెలిపి పాలసీ మీ పేరుకి మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు) పాత ఓనర్‌ది, బండితో పాటు మీకు రాదు. బండి పాతదే కదా అని చాలామంది అవతలివాళ్ల నష్టానికి మాత్రమే వర్తించే థర్డ్ పార్టీతో సరిపెడతారు. రెండు లక్షల పైన విలువ ఉన్నంత కాలం నేనైతే ఫుల్ ఇన్సూరెన్సే కడతాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడని ముంచినప్పుడు మా కాలనీలో నీళ్లలో మునిగిన కార్లలో చాలావాటికి థర్డ్ పార్టీ మాత్రమే ఉంది. వాళ్లకి ఒక్క రూపాయి రాలేదు.

సేఫ్టీ సంగతి?

ఈ బండిలో నాకు బెంగ కలిగించేది ఇదొక్కటే. ఎల్‌డీఐ (అన్నిటికన్నా కింది రకం), వీడీఐ పాత మోడళ్లలో ఎక్కువవాటికి ఎయిర్‌బ్యాగులు లేవు. 2014లో కార్లని ఢీకొట్టించి భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్‌ని పరీక్షిస్తే సున్నా స్టార్లు వచ్చాయి. దొరికితే ఎయిర్‌బ్యాగులున్న పై రకం జెడ్‌డీఐ తీసుకోండి. మా బండిలో వెనక కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోకపోతే నేను కదిలించను. టైర్ల విషయంలో పొదుపు చేయను.

నెలకి నాలుగైదు వందల కిలోమీటర్లే తిరుగుతాను. నాకు డీజిల్ సరిపోతుందా?

సరిపోదు. పాత పెట్రోల్ వ్యాగన్ ఆర్ లాంటిది చూసుకోండి. డీజిల్ ఇంజన్‌కి దూరాలు తిరిగితేనే ఆరోగ్యం. రోజూ రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తుంటే పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్‌లో మసి పేరుకుంటుంది. పెట్రోల్ తీసుకుంటే ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసినది కాబట్టి పాత రబ్బరు పైపులు ఒకసారి చూపించుకోండి.

పదిహేనేళ్లు నిండితే తుక్కుకే వేయాలా?

అక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ సొంత కారుని ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేళ్ల చొప్పున రెన్యువల్ చేయించుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో పదిహేనేళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజుని 5,000 రూపాయలు చేశారు. మా బండి గడువు 2027 జూన్‌లో తీరుతుంది. ఈ వానాకాలం అవగానే ర్యాంప్ ఎక్కించి అడుగు భాగం, డోర్ల కింది అంచులు తుప్పు పట్టాయేమో చూపిస్తాను. తుప్పు లేకపోతే రెన్యువల్ చేయించి ఉంచుకుంటాం. మా అబ్బాయి డ్రైవింగ్ నేర్చుకునేది కూడా దీని మీదే.